పొయ్యి వెనక మడి

సానరాయి మీద కొడవలి చప్పుడు ఆగడం లేదు.

మొక్తార్ అప్పటికే రెండు కొడవళ్ళు నూరాడు. మూడోది అందుకున్నాడు. కోయాల్సింది పది సాళ్ళు, దానికి ఒక్క కొడవలి చాలు. అయినా నూరుతూనే ఉన్నాడు. రాయి ముందు కూర్చున్నంతసేపూ పొలానికి వెళ్ళక్కర్లేదు.

"మియాభాయ్, నిజంగా కోసేస్తావా?" అంది మర్జీనా, అన్న ఎదురుగా నిలబడి.

"నన్నడక్కు. బాజాన్ చెప్పాడు."

"ఇంకా పద్దెనిమిది రోజులుంది. గింజ గట్టిపడలేదు. ఇప్పుడు కోస్తే ఆ సాళ్ళలో ఏం తేలిందో ఎప్పటికీ తెలీదు."

"పశువులకి తెలుస్తుందిలే" అన్నాడు మొక్తార్ తలెత్తకుండా. అని, తన హాస్యానికి తనే సిగ్గుపడి ఇంకాస్త గట్టిగా నూరాడు.

వసారాలో పీట మీద కూర్చున్న ఇద్రిస్ మాతుబ్బర్ కూతురి వైపు చూడలేదు. శుక్రవారం బియ్యం పరీక్ష కాగితం వచ్చి, మర్జీనా దాన్ని ఊళ్ళో చదివినప్పటి నుంచీ ఇది నాలుగో రోజు. ఏం చెప్పాలన్నా చెల్లెలి చేతే చెప్పిస్తున్నాడు. ఆ చెల్లెలు, మర్జీనా మేనత్త కొహినూర్, ఆయన ఎదురుగా తమలపాకు మడుస్తూ కూర్చుంది.

"కొహినూర్, చెప్పు దానికి. సాయంత్రం అసర్ నమాజు వేళకి లంకల వాళ్ళొస్తున్నారు పైరు చూసుకోడానికి. వాళ్ళ కంట అది సాళ్ళకి గుర్తుగా పాతిన ఆ ఎర్ర జెండాలు పడకూడదు."

"విన్నావుటే మర్జీనా? జెండాలు పడకూడదట."

"జెండాలు పీకేస్తాను ఫుఫూ. సాళ్ళు మాత్రం ఉండనివ్వమను."

"అన్నయ్యా, జెండాలు పీకేస్తుందట. సాళ్ళు..."

"విన్నాను. నాకు చెవులున్నాయి."

"ఉంటే నన్నెందుకు మధ్యలో పెట్టి రుబ్బుతావు? నా పళ్ళు ఊడేది ఆకు నమలడం వల్ల కాదు, మీ ఇద్దరి మాటలు మోయడం వల్ల."

పెరట్లో వడ్ల పొయ్యి దగ్గర ఇద్రిస్ భార్య సాజెదా గుప్పెడు ఊక తీసి మంటలోకి విసిరింది. పెద్ద డ్రమ్ములో వడ్లు ఉడుకుతున్నాయి. ఆ వాసన ఇల్లంతా నిండి ఉంది. పొద్దుటి నుంచీ ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇద్రిస్ మాతుబ్బర్ బాధ జెండాల గురించి కాదని మర్జీనాకి తెలుసు.

ఇరవై రెండేళ్ళుగా పద్మా నది లంకల్లోని ఏడు ఊళ్ళు ఆయన దగ్గరే విత్తనం తీసుకుంటున్నాయి. సంచీ మీద గుర్తులేమీ ఉండవు. 'మాతుబ్బర్ వడ్లు' అంటే చాలు. కోతకి ముందు పెద్దలు పడవ దిగి వచ్చి, గట్టు వెంట నడిచి, ఒక కంకి తెంపి అరచేతిలో నలిపి చూసుకుంటారు. ఆ రోజు ఆయన ఉతికిన లుంగీ కడతాడు. ఇప్పుడూ కట్టుకునే కూర్చున్నాడు.

ఈసారి వాళ్ళు నడిచే గట్టు పక్కనే, నీళ్ళ మిషన్ నోటి దగ్గరే ఉన్నాయి మర్జీనా వేసిన పది సాళ్ళు. అవి బరువుకి వంగి ఉన్నాయి. వాటిని ఆనుకుని ఉన్న ఇద్రిస్ సాళ్ళలో కంకులు నిటారుగా నిక్కబొడుచుకుని ఉన్నాయి. గింజ లేని కంకి వంగదు. కాగితం చదవక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

"బాజాన్," అంది మర్జీనా నేరుగా. "ఒక్కసారి నా మాట వినండి. ఆ మూల తాలు పోతోందని ఆరేళ్ళుగా మీరే అంటున్నారు."

"నేల అలిసిపోయింది. అందుకే ఆ మూల ఫాస్ఫేట్ రెట్టింపు వేస్తున్నాను. ఆకలేసిన నేలకి అన్నం పెట్టడం తప్పా, కొహినూర్? అడుగు దాన్ని."

"నేలకి ఆకలి కాదు. మిషన్ నీళ్ళలో ఆర్సెనిక్ అనే విషం ఉంది. నీళ్ళు మొదట పడేది ఆ మూల. ఏటికేడు అక్కడే పేరుకుంది."

"విషం ఉందని మన చేతిపంపుకి ఎర్ర రంగు పూసి వెళ్ళారు, ఆ నీళ్ళు తాగడం మానేశాం. మిషన్ గొట్టానికి ఎవరైనా రంగు పూశారా?"

"తాగే పంపులకే పూశారు బాజాన్. పొలం గొట్టాల దగ్గరికి రంగు డబ్బాతో ఎవరూ రాలేదు. పొలం తాగుతుందని ఎవరూ అనుకోలేదు."

మర్జీనా వసారా మెట్టు మీద కూర్చుంది. విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళు చదివిన మాటలన్నీ పక్కనపెట్టి, ఇంట్లో మాటల కోసం వెతుక్కుంది.

"లాంచీలో బల్లలుంటాయి చూడండి. మట్టిలోనూ అలాగే కూర్చునే చోట్లు కొన్నే ఉంటాయి. ఆర్సెనిక్ ముందే ఎక్కి కూర్చుంది. కూర్చున్నంతసేపూ కాస్త నయమే, కదలదు. మీరు రెట్టింపు ఫాస్ఫేట్ వేస్తే అది కూడా అవే బల్లల కోసం వస్తుంది. వచ్చి, దీన్ని లేపేసి తను కూర్చుంటుంది. లేచిన ఆర్సెనిక్ నీళ్ళలో పడుతుంది. నీళ్ళలోంచి వేరులోకి."

"నన్నూ ఇలాగే లేపాడొకడు, మా అత్తారింటికి పోతుంటే," అంది కొహినూర్. "బిడ్డ తల్లినని కూడా చూడలేదు. నేను ఎక్కడికి పోయానంటావు? ఇంజను పక్కకి. చీరంతా మసి."

"అదే ఫుఫూ."

"అంటే నేను విషాన్నా?"

మొక్తార్ చేతిలో రాయి ఆగింది. నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇద్రిస్ పెదవి చివర కూడా ఏదో కదిలి మాయమైంది.

ఆయన మామూలుగా ఇలాంటి మనిషి కాదు. మర్జీనాని సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఆరు మైళ్ళు తొక్కి పరీక్షలకి తీసుకెళ్ళినవాడు. టీ దుకాణంలో ఎవరూ అడక్కపోయినా 'మా అమ్మాయి మట్టి చదువు చదివింది' అని చెప్పేవాడు. మట్టికి కూడా చదువేమిటని ఎవరైనా నవ్వితే, 'మీకు తెలిస్తే మీ పిల్లలు చదివేవాళ్ళుగా' అని గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేసేవాడు. ఆ చదువే తిరిగొచ్చి తన మడి మీద వేలు పెడుతుందని ఆయన అనుకోలేదు.

"సరే," అన్నాడు. "కొహినూర్, ఆ కాగితం తెచ్చి చదవమను. నాలుగో నంబరు మడిది చదవమను."

ఈ ప్రశ్న వస్తుందని మర్జీనాకి తెలుసు. మూడు రోజులుగా దీనికే భయపడుతోంది.

కాగితం తెచ్చి విప్పింది. "పోయినేటి బియ్యంలో ఆర్సెనిక్ లెక్క ఇది. ఒకటో నంబరు, మిషన్ మూలది, ఎనిమిది వందల పది. రెండు వందలు దాటితే మంచిది కాదంటారు. రెండో మడి ఆరు వందలు. మూడోది అయిదు వందల ఇరవై."

"నాలుగు?"

"నూట తొంభై."

"ఊఁ." ఇద్రిస్ పీట మీద నుంచి లేచాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కూతురి కళ్ళలోకి చూశాడు. "నాలుగో మడికి పారేది ఏ నీళ్ళు?"

"మన మిషన్ నీళ్ళే."

"మూడో మడి కంటే దూరమా అది?"

"కాదు. రెండూ ఒకే దూరం. మధ్యలో గట్టే."

"ఎరువు చల్లింది ఎవరు?"

"మీరే."

"ఈ చేత్తో. మూడో మడికి ఎంతో నాలుగో దానికీ అంతే. ఫాస్ఫేటే పాపిష్టిదైతే మరి అక్కడెందుకు చెయ్యలేదు? ఒకే నీరు, ఒకే ఎరువు, ఒకే విత్తనం, ఒకే మనిషి. చెప్పు తల్లీ, చదువుకున్నదానివి. ఎందుకు?"

మర్జీనా కాగితం వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. పరీక్షలో పొరపాటనో, సంచులు తారుమారయ్యాయనో అనొచ్చు. తండ్రికి తెలిసే దారి లేదు. కానీ ఆ సంచులకి దారం కట్టింది తనే, నంబరు రాసింది తనే.

"నాకు తెలీదు బాజాన్," అంది.

పెరట్లో కోడి ఒకటి రెక్కలు టపటపలాడించింది. మొక్తార్ ఇంకో వైపుకి చూశాడు.

"తెలీదు," అన్నాడు ఇద్రిస్ మెల్లిగా. గెలిచినవాడి గొంతు కాదది. "తెలియనిదానివి ఊరంతటి ముందూ ఎందుకు చదివావు? నంబర్లే ఉన్నాయి, పేర్లు లేవన్నావు. మిషన్ పక్క మడి అంటే ఎవరిదో ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు."

"ఆ మడిలో బూడిద ఉంది."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క క్షణం ఎవరికీ తెలియలేదు. సాజెదా పొయ్యి ముందు నుంచి లేవలేదు. ఇంకో గుప్పెడు ఊక వేసింది.

"ఏం బూడిద, మా?" అంది మర్జీనా తల్లితో.

"ఈ పొయ్యి బూడిద. ఊక బూడిద. నాలుగో మడి కంచె అవతలే కదా. మొక్తార్ కడుపులో ఉన్నప్పుడు తట్ట ఎత్తుకుని అంత దూరం పశువుల పాక వెనక్కి పోలేకపోయాను. కంచె మీద నుంచి కుమ్మరించాను. తర్వాత అదే అలవాటైంది."

"ఎన్నాళ్ళు?"

"వాడికెన్నేళ్ళు?"

"ఇరవై ఆరు," అన్నాడు మొక్తార్ నోరు తెరిచి.

"అన్నేళ్ళు."

"నేనెప్పుడూ చూడలేదే!" అన్నాడు ఇద్రిస్.

"ఎలా చూస్తారు? మొదటిసారి చూసి, పొలం ఏమైనా చెత్తకుప్పా అని గొంతు చించుకున్నారు. అప్పట్నుంచి మీరు జుమ్మా నమాజుకి వెళ్ళాక పోస్తున్నాను. వారానికి రెండు తట్టలు. మాఘ మాసంలో వడ్లు ఎక్కువ ఉడుకుతాయి, అప్పుడు మూడు. పోసి, కాలితో చెదరగొట్టి వచ్చేస్తాను."

"అల్లా!" కొహినూర్ చెంప మీద చెయ్యి వేసుకుంది. "ఆయన అక్కడ సజ్దాలో నేలకి వంగి ఉంటే నువ్విక్కడ బూడిద దొంగవా! ఇరవై ఆరేళ్ళు! నా మొగుడు పోయినవాడు అయిదు నిమిషాలు ముందొచ్చి నన్ను ప్రతిసారీ పట్టుకునేవాడు."

మర్జీనాకి ఆ మాటలేవీ వినిపించడం లేదు. ఆమె ముందు ఒక ఫారం ఉంది, కళ్ళకి కట్టినట్టుగా. రైతు పేరు. మడి నంబరు. వేసిన ఎరువులు. పోయిన ఏడాది ఇదే వసారాలో కూర్చుని తండ్రిని ఒక్కొక్క మడి గురించీ అడిగి నింపింది. యూరియా ఎంత, ఫాస్ఫేట్ ఎంత, పొటాష్ ఎంత. తల్లి పక్కనే టీ గ్లాసులతో నిలబడి ఉంది. గ్లాసు అందుకుని 'చాలు మా' అన్నది తనే.

ఈ ఏడు తన సాళ్ళకి బూడిద కావాలని అడిగితే తట్టలు నింపి ఇచ్చిందీ ఆ తల్లే. దేనికని అడగలేదు.

"ఎందుకు చెప్పలేదు మా?"

"ఎవరడిగారు?" అంది సాజెదా. నిష్ఠూరంగా కాదు. నిజంగానే అడిగినట్టు. "మీ కాగితంలో బూడిదకి గడి ఉందా?"

లేదు. మర్జీనా తల వంచుకుంది. వంచిన తల వంచినట్టే నవ్వొచ్చింది, కన్నీళ్ళతో పాటు. పుస్తకంలో మూడు పుటలు చదివి తను తెలుసుకున్నదాన్ని ఈవిడ కాలితో చెదరగొట్టి ఇరవై ఆరేళ్ళుగా చేస్తోంది.

"బాజాన్," అంది లేచి. "వరి వేరుకి ఒక తలుపుంది. ఊక బూడిదలో ఇసుకలాంటి సారం ఒకటి ఉంటుంది, కాడకి బలమిచ్చేది. అది ఆ తలుపులోంచే లోపలికి వెళ్తుంది. ఆర్సెనిక్‌కీ అదే తలుపు. గుమ్మంలో ఈ సారం కిక్కిరిసి ఉంటే దానికి దారి దొరకదు. నాలుగో మడిలో జరిగింది అదే. పూర్తిగా ఆగదు, కానీ తగ్గుతుంది. నా పది సాళ్ళలో నేను చూడాలనుకున్నదీ అదే. ఫాస్ఫేట్ తగ్గించి, బూడిద కలిపి."

"ఆగు ఆగు," అన్నాడు మొక్తార్ ఉన్నట్టుండి. చేతిలో కొడవలి అలాగే ఉంది. "లంకల వాళ్ళకి విత్తనం మనం ఎప్పుడూ తీసేది నాలుగో మడిలోంచే కదా?"

మర్జీనా చప్పున తండ్రి వైపు తిరిగింది.

"కాదా బాజాన్? కంకి అక్కడే బాగుంటుందని మీరేగా..." అంటూ తండ్రి ముఖం చూసి మింగేశాడు.

ఇద్రిస్ మాతుబ్బర్ వసారా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఏడు ఊళ్ళు. ఇరవై రెండేళ్ళు. మాతుబ్బర్ వడ్లు. ఆయన పెదవులు ఏదో లెక్క కడుతున్నట్టు కదిలాయి. లెక్క ఎలా కట్టినా అది పొయ్యి దగ్గరికే చేరుతోంది.

"మొక్తార్," అన్నాడు చివరికి. "లే. వెళ్ళి కొయ్యి."

"బాజాన్..."

"కొయ్యమన్నానా? ఏ బూడిదైనా, ఎవరి బూడిదైనా, లంకల వాళ్ళు ఆ మూల చూడకూడదు. ఒక్కసారి చూస్తే నా మాట మీద మళ్ళీ పడవ కదలదు."

మొక్తార్ లేచాడు. రెండడుగులు వేశాడు.

సాజెదా పొయ్యిలోంచి మండుతున్న ఊకని కర్రతో వెనక్కి లాగింది. మంట తగ్గింది. డ్రమ్ములో ఉడుకు చప్పుడు సద్దుమణిగింది. అప్పుడు లేచి నిలబడి, చీర కొంగు తల మీదికి లాక్కుంది.

"వెళ్ళు నాయనా, కొయ్యి," అంది కొడుకుతో. "కానీ ఒకటి విని వెళ్ళు. ఆ పది సాళ్ళ మీద కొడవలి పడితే ఈ ఏడు పంట ఈ పొయ్యి ఎక్కదు. ఒక్క గింజ ఉడకబెట్టను. పచ్చి వడ్లు మీరే తినండి."

"మొక్తార్ అమ్మా!" అన్నాడు ఇద్రిస్ భార్యతో.

"అరవకండి. నేనెప్పుడైనా అడ్డొచ్చానా? ఏటి ఒడ్డున ఎవరు కనిపించినా నన్ను మాతుబ్బర్ భార్య అంటారు. ఆ మాటకి నేనూ తలెత్తుకునే తిరిగాను. మీ విత్తనం పేరు మీకెంతో నాకూ అంతే. అందుకే చెప్తున్నా. తెలియక వేసినదానికి సిగ్గు లేదు. తెలిశాక కోసి దాచిపెడితే రేపు నేను ఏ ముఖంతో ఆ బియ్యం మన పిల్లలకి పెట్టను? లంకల్లో పిల్లలు లేరా?"

కొహినూర్ నోట్లో ఆకు నమలడం ఆపేసింది.

మొక్తార్ కొడవలిని జాగ్రత్తగా, చప్పుడు కాకుండా కింద పెట్టాడు. పెట్టి, దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"మాతుబ్బర్ సాహెబ్! ఇంట్లో ఉన్నారా?"

గేటు బయట నుంచి వచ్చిందా కేక. అసర్‌కి ఇంకా గంట ఉంది. వాయవ్యాన మబ్బు కమ్ముతోందని ముందే పడవ వేశారు కాబోలు. ముగ్గురు మనుషులు. ముందున్నది హాతెమ్ సర్దార్, లంకల్లో అందరికంటే పెద్దవాడు, తెల్లటి గడ్డం, మోకాళ్ళ దాకా బురద.

"రేవు నుంచి నేరుగా పొలం మీదుగానే వచ్చేశాం," అన్నాడాయన సలాం చేసి. చెయ్యి ముందుకి చాపాడు. అందులో రెండు కంకులున్నాయి. ఒకటి గింజ బరువుకి వేళ్ళ మీద వాలిపోయి ఉంది. రెండోది పుల్లలా నిలబడింది. "మాతుబ్బర్, ఈ రెండూ మీ మిషన్ పక్క మడిలోవే. మూరెడు దూరం లేదు రెండింటికీ. ఊళ్ళో ఏదో అంటున్నారు, నేను నమ్మలేదు. మీ నోటితో వింటే నమ్ముతానన్నాను మా వాళ్ళతో."

పురుగు పట్టిందని చెప్పొచ్చు. గాలి మార్పని చెప్పొచ్చు. ఆ మాటలు తండ్రి నాలుక చివరిదాకా వచ్చి ఆగడం మర్జీనా చూసింది.

ఇద్రిస్ కొడుకు వైపు చూడలేదు. చెల్లెలి వైపు చూడలేదు. వెనక్కి తిరిగాడు.

"ఏమంటావ్, మొక్తార్ అమ్మా?" అన్నాడు.

పరాయివాళ్ళ ముందు ఆయన భార్యని అలా అడగడం ఆ పెరడు ఎప్పుడూ వినలేదు. హాతెమ్ సర్దార్ కూడా మర్యాదకి చూపు నేల మీదికి దించుకున్నాడు.

"గేటు దగ్గర నిలబెట్టి చెప్పే మాటా ఇది?" అంది సాజెదా కొంగు చాటు నుంచి. "లోపలికి రమ్మనండి. కాళ్ళు కడుక్కోమనండి. మర్జీనా, చాప వెయ్యి. బెల్లం, మరమరాలు తీసుకురా."

చాప పరిచి, పళ్ళెం పెట్టి మర్జీనా గోడవారకి జరగబోయింది.

"అక్కడ కాదు తల్లీ," అన్నాడు ఇద్రిస్. "ఇలా వచ్చి నా ఎదురుగా కూర్చో. నేనేదైనా తప్పు చెబితే ఆపు."

ఆమె కూర్చుంది. వెన్ను దానంతటదే నిటారుగా నిలిచింది. హాతెమ్ సర్దార్ రెండు కంకులనీ చాప మధ్యలో పెట్టాడు. వంగిన కంకిని వేలితో ముట్టుకుని, అడిగినట్టుగా చూశాడు.

ఇద్రిస్ మాతుబ్బర్ గొంతు సవరించుకున్నాడు. ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"ఈ పది సాళ్ళూ నేనే దగ్గరుండి వేయించాను," అన్నాడు.

మొదటి మాటే తప్పు.

మర్జీనా నోరు తెరిచింది. అప్పుడే వెనక నుంచి తల్లి చెయ్యి, ఊక దుమ్ముతో గరుకుగా, ఆమె భుజం మీద పడింది. అది తండ్రిని ఆపమని చెప్పే చెయ్యో, తననే ఆగమని చెప్పే చెయ్యో ఆమెకి తెలియలేదు.